నాలుక అంచున కోత, చిగురు మడతలో ఆవిరి: ఒకే లేజర్‌ను రెండు విధాలుగా వాడిన కేసు

రోగి వయసు 63 సంవత్సరాలు. భూపాలపల్లి ప్రాంతంలో భూగర్భ బొగ్గు గనిలో పనిచేసి పదవీ విరమణ పొందిన కార్మికుడు. నాలుక ఎడమ అంచున కారం తగిలితే మండుతున్నదనీ, అద్దంలో చూసుకుంటే అక్కడ తెల్లగా కనిపిస్తున్నదనీ చెప్పి, కూతురిని వెంటబెట్టుకుని పరకాల మీదుగా బస్సులో హనుమకొండలోని మా ముఖ, దవడ శస్త్రచికిత్స విభాగానికి వచ్చారు. అప్పటికి కొన్ని నెలలుగా ఊళ్లోని ఆర్‌ఎంపీ రాసిచ్చిన బి-కాంప్లెక్స్ మాత్రలతో, నోటిపూతకు పూసే జెల్లుతో నెట్టుకొస్తున్నారు. మధుమేహం ఉంది, హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు చక్కెర స్థాయిని చెప్పే పరీక్ష) 7.8. గుండె జబ్బు కోసం రోజూ 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వేసుకుంటారు. రోగి రాతపూర్వక అనుమతితో, ఆనవాలు పట్టే వివరాలు తొలగించి ఈ కేసును ఇక్కడ నమోదు చేస్తున్నాను.

బీడీ, సిగరెట్ అలవాటు ఉందా అని మా జూనియర్ డాక్టరు అడిగితే లేదన్నారు, అది నిజమే కూడా. మీథేన్ వాయువు అంటుకునే ప్రమాదం ఉన్నందున భూగర్భ గనిలోకి బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోవడం చట్టరీత్యా నిషిద్ధం. అందువల్ల ఈ ప్రాంతంలో పొగ తాగని గని కార్మికుడు కనిపిస్తే పొగాకు ముట్టనివాడని అనుకోవడానికి వీల్లేదు. మరోసారి అడిగేసరికి, "బాయిల బీడీ కాల్వనియ్యరు గద సారూ, తంబాకే దిక్కు" అని ఆయనే నవ్వుతూ చెప్పారు. సున్నం కలిపి అరచేతిలో నలిపిన తంబాకును ఎడమ కింది చిగురుకూ చెంపకూ మధ్య మడతలో పెట్టుకుని, షిఫ్టు ముగిసేదాకా అట్లాగే ఉంచుకునేవారు. ఉద్యోగం అయిపోయినా అలవాటు పోలేదు. ఇక్కడ కేసు షీటు రాసేవారు తంబాకు, జర్దా, గుట్కా, పాన్‌మసాలా అని పేరుపేరునా అడగాలి, ఏ వైపు పెట్టుకుంటారో వేలితో చూపించమనాలి. ఆ వేలు చూపిన చోటే సగం రోగనిర్ధారణ ఉంటుంది.

పరీక్షలో రెండు మచ్చలు కనిపించాయి. మొదటిది నాలుక ఎడమ అంచున, మధ్య భాగం నుంచి వెనక్కి, 22 మిల్లీమీటర్ల పొడవు, 12 మిల్లీమీటర్ల వెడల్పుతో, చేతికి గరుకుగా తగిలే తెల్లమచ్చ. దాని వెనుక కొసన సన్నని ఎర్రటి చుక్కలు ఉన్నాయి. రెండోది తంబాకు పెట్టుకునే మడతలో, ముందు నమిలే పళ్ల నుంచి రెండో దవడ పన్ను దాకా, 35 మిల్లీమీటర్ల పొడవున ముడతలు పడిన లేత తెలుపు. మొదటిది గీకితే రాలేదు, రెండోదీ రాలేదు. రెండో దవడ పన్ను లోపలి మొన పదునెక్కి, సరిగ్గా నాలుక మచ్చకు ఎదురుగా ఉంది. మెడలో గడ్డలు లేవు. నోరు మామూలుగానే తెరుచుకుంటున్నది.

ఇలాంటి మచ్చను చూడగానే ల్యూకోప్లాకియా అని రాసేయడం సులభం. అయితే మరే తెలిసిన కారణంతోనూ వివరించలేని తెల్లమచ్చకే ఆ పేరు చెల్లుతుంది; కనుక ముందు కారణాలను ఒక్కొక్కటిగా తీసేసి చూడాలి. పన్ను మొనను గుండ్రంగా అరగదీశాము. ఫంగస్ ఉండే అవకాశం ఉన్నందున రెండు వారాలు క్లోట్రిమజోల్ పూత ఇచ్చాము. తంబాకు పూర్తిగా మానమన్నాము. ఆ విషయంలో రోగి మాట కన్నా కూతురి కాపలా ఎక్కువ పనిచేసింది. నాలుగు వారాల తరువాత చూస్తే మడతలోని మచ్చ సగానికి పైగా తగ్గి పలచబడింది. నాలుక మీది మచ్చ మాత్రం రవ్వంతైనా మారలేదు.

అప్పుడు రెండు చోట్లా బయాప్సీ తీశాము. అసహజ కణాలకు ఎక్కువగా పట్టే టొలూయిడిన్ బ్లూ రంగు బాగా పట్టిన చోటును నాలుక మీద ఎంచుకున్నాము. రెండు ముక్కలనూ బ్లేడుతోనే తీశాము, ఎందుకంటే అయిదు మిల్లీమీటర్ల చిన్న ముక్క అంచులు వేడికి మాడితే పాథాలజిస్టుకు చూడటానికి మిగిలేది చాలా తక్కువ. నివేదికలో నాలుక మచ్చకు మధ్యస్థ స్థాయి డిస్‌ప్లాసియా (కణాలు క్యాన్సర్ వైపు మారే అవకాశమున్న అసహజ స్థితి) అనీ, మడతలోని మచ్చకు కెరాటిన్ పొర మందం కావడం తప్ప డిస్‌ప్లాసియా లేదనీ వచ్చింది.

నిర్ణయం

ల్యూకోప్లాకియా ఉన్నవారిలో ఎందరికి చివరికి క్యాన్సర్ వస్తుందన్న లెక్క ఒక్కో సమీక్షలో ఒక్కోలా, నూటికి మూడు నుంచి పది దాకా ఉంటుంది. ఆ సగటు అంకె ఒక రోగి ముందు కూర్చున్నప్పుడు పెద్దగా పనికిరాదు. మచ్చ నాలుక అంచునో నోటి అడుగునో ఉండటం, తెలుపులో ఎరుపు కలిసి ఉండటం, వైశాల్యం 200 చదరపు మిల్లీమీటర్లు దాటడం, బయాప్సీలో డిస్‌ప్లాసియా కనిపించడం అనేవి ప్రమాదాన్ని పెంచే లక్షణాలు. ఈ రోగి నాలుక మచ్చలో ఈ నాలుగూ ఉన్నాయి. మడతలోని మచ్చలో వైశాల్యం తప్ప తక్కినవేవీ లేవు, నాలుగు వారాల్లో అదీ చాలావరకు తగ్గింది.

మచ్చను తొలగిస్తే క్యాన్సర్ రాదని నిరూపించిన పరిశోధన ఏదీ లేదని రోగికీ కూతురికీ ముందే చెప్పాము. తొలగించడం వల్ల కచ్చితంగా దక్కే ప్రయోజనం ఒకటుంది: మచ్చ మొత్తం పాథాలజిస్టు చేతికి చేరుతుంది. చిన్న బయాప్సీలో పట్టుబడని క్యాన్సర్ పూర్తి ముక్కలో బయటపడటం కొన్ని కేసుల సమీక్షల్లో పదింట ఒకటి దాకా నమోదైంది. లేజర్ గురించిన చర్చలో ఎక్కువసార్లు జారిపోయే విషయం ఇదే. అదే యంత్రంతో మచ్చను కోసి తీయవచ్చు, లేదా పైనుంచి పొరపొరగా ఆవిరి చేసేయవచ్చు. ఆవిరి చేయడం తేలిక, వేగం, రక్తం దాదాపు రాదు, రోగికి పుండు లోతు తక్కువ. కానీ ఆవిరైన కణజాలం పొగగొట్టంలోకి పోతుంది, సూక్ష్మదర్శిని కిందికి రాదు. కాబట్టి డిస్‌ప్లాసియా ఉన్న చోట ఆవిరి చేయడాన్ని నేను ఒప్పుకోను. రోగికి ఎంత సుఖంగా ఉన్నా సరే.

ఆ లెక్కన నాలుక మచ్చను అయిదు మిల్లీమీటర్ల చుట్టు అంచుతో కోసి తీయాలని, మడతలో మిగిలిన పలుచని మచ్చను ఆవిరి చేయాలని నిర్ణయించాము. మడతలోని దాన్ని ముట్టకుండా, తంబాకు మానిపించి, మూడు నెలలకోసారి చూస్తూ పోవడం కూడా సమర్థించదగిన మార్గమే. ఆయన ఊరి దూరం, తిరిగి రావడంపై మాకున్న అనుమానం, ఎలాగూ అదే వైపు మత్తు ఇస్తున్నామన్న సౌలభ్యం కలిసి మమ్మల్ని చికిత్స వైపు మొగ్గించాయి. అక్కడ బ్లేడుతో పూర్తిగా కోస్తే మడత కుంచించుకుపోయి, రేపు పళ్ల సెట్టు పెట్టుకోవాలంటే చోటు ఉండదు. పైగా ముందు నమిలే పళ్ల వేళ్ల దగ్గర ఎముకలోంచి బయటికి వచ్చే మెంటల్ నరం తెగితే కింది పెదవి మొద్దుబారుతుంది.

యంత్రం, దాని అమరికలు

మా థియేటర్‌లో రెండు లేజర్లు ఉన్నాయి. ఒకటి 10,600 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కార్బన్ డయాక్సైడ్ లేజర్, రెండోది 980 నానోమీటర్ల డయోడ్ లేజర్. నోటి పొరలో అధికభాగం నీరే. కార్బన్ డయాక్సైడ్ లేజర్ కిరణాన్ని నీరు ఎంత గట్టిగా పీల్చుకుంటుందంటే, మిల్లీమీటరులో పదోవంతు లోతు చేరేలోపే దాని శక్తి అంతా ఖర్చైపోతుంది. డయోడ్ కిరణాన్ని నీరు దానితో పోలిస్తే చాలా తక్కువ పీల్చుకుంటుంది. హిమోగ్లోబిన్ కొంత పీల్చుకుంటుంది. అందుకే దాని వేడి కణజాలంలో మరింత లోతుకు పాకుతుంది. రక్తనాళాల గడ్డలకు, నాలుక కింది తంతువును విడదీయడానికి అది మంచి సాధనం. అంచులు శుభ్రంగా పాథాలజిస్టుకు చేరాల్సిన ముక్కకు మాత్రం నేను కార్బన్ డయాక్సైడ్ లేజర్‌నే ఎంచుకుంటాను. దీన్ని 1964లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్‌లో కనిపెట్టిన కుమార్ పటేల్ మహారాష్ట్రలోని బారామతిలో పుట్టినవారు; 1970ల తొలినాళ్లలో బోస్టన్‌లో స్ట్రాంగ్, జాకో అనే వైద్యులు దీన్ని స్వరపేటిక శస్త్రచికిత్సలోకి తీసుకొచ్చారు.

కొత్తగా లేజర్ పట్టినవారు తెర మీద కనిపించే వాట్ల అంకె ఒక్కటే చూస్తారు. నిజానికి సరిచేయాల్సినవి మూడు: వాట్లు, కణజాలం మీద పడే కిరణపు చుక్క వ్యాసం, అది అక్కడ నిలిచే సమయం. పది వాట్ల కిరణాన్ని 0.25 మిల్లీమీటర్ల చుక్కగా కేంద్రీకరిస్తే చదరపు సెంటీమీటరుకు సుమారు 20,000 వాట్ల సాంద్రత వస్తుంది. చేతిలోని హ్యాండ్‌పీస్‌ను వెనక్కి జరిపి అదే పది వాట్లను 2.5 మిల్లీమీటర్ల చుక్కగా పరిస్తే సాంద్రత సుమారు 200 వాట్లకు పడిపోతుంది. వ్యాసం పదింతలైతే సాంద్రత నూరోవంతు అవుతుంది. తెర మీద అంకె మాత్రం పదిగానే ఉంటుంది. మొదటిది కత్తి, రెండోది పొరను పైనుంచి చెక్కే సాధనం. బొత్తాం ఏదీ తిప్పకుండా, మణికట్టును కాస్త వెనక్కి తీసుకోవడంతోనే ఈ మార్పు వస్తుంది. సర్జన్ చేయి వణికినా, అలసి వెనక్కి జారినా చికిత్సే మారిపోతుందని దీని అర్థం.

సమయం సంగతి ఇంతకన్నా తిరకాసైనది. వాట్లు తగ్గించి నిదానంగా పోతే కణజాలానికి మేలు అని చాలామంది అనుకుంటారు. కిరణం పడిన పలుచని పొర తన వేడిని పక్క పొరలకు వదలడానికి సుమారు ఒక మిల్లీ సెకను పడుతుంది. ఆ లోపే చాలినంత శక్తి అందితే ఆ పొర ఆవిరై, వేడిని తనతోపాటే తీసుకుపోతుంది. అందకపోతే పొర ఆవిరి కాకుండా ఉడుకుతూ వేడిని చుట్టూ పంచుతుంది, మాడి నల్లబడుతుంది, ఆ మసి మళ్లీ కిరణాన్ని పీల్చుకుని కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కుతుంది. దీపం మంటలోంచి వేలిని చప్పున దాటిస్తే ఏమీ కాదు, నిదానంగా దాటిస్తే బొబ్బ లేస్తుంది. లేజర్ విషయంలోనూ జంకుతూ మెల్లగా కదిపే చేయే ఎక్కువ కాలుస్తుంది. సూపర్‌పల్స్ అనే అమరికలో యంత్రం మిల్లీ సెకనులోపు ఉండే తీవ్రమైన స్పందనలుగా (పల్స్‌లుగా) శక్తిని వదులుతూ, నడుమ చల్లారడానికి విరామం ఇస్తుంది. నాలుక మీది కోతకు మేము సగటున 6 వాట్లు, 0.25 మిల్లీమీటర్ల చుక్క, సూపర్‌పల్స్ అమరిక పెట్టుకున్నాము. మడతకు 10 వాట్లు, 2.5 మిల్లీమీటర్ల చుక్క, ఒక్కో చోట 0.1 సెకను. ఈ అంకెలు మా యంత్రానికీ, ఆ రోజుకూ సంబంధించినవి. వేరొకరు యథాతథంగా ఎత్తి రాసుకోదగినవి కావు.

ఆ రోజుకు అని ఎందుకన్నానంటే, మే నెల ఎండల్లో వరంగల్‌లో వోల్టేజీ కుదురుగా ఉండదు. స్టెబిలైజరు, యూపీఎస్ పెట్టుకున్నా, యంత్రం తెర మీద చూపే అంకెకూ కణజాలం మీద పడే శక్తికీ తేడా రావచ్చు. ఈ లేజర్ కిరణం కంటికి కనిపించదు; దానికి తోడుగా వచ్చే ఎర్రటి గురిచుక్క మాత్రమే కనిపిస్తుంది. కిరణం అద్దాలున్న కీళ్ల చేతిగుండా ప్రయాణిస్తుంది కనుక, యంత్రాన్ని ఒక గది నుంచి మరో గదికి నెట్టినప్పుడు ఒక అద్దం వెంట్రుకవాసి కదిలినా ఎర్రచుక్క ఒకచోట, కోత మరోచోట పడతాయి. అందుకే ప్రతి కేసుకు ముందు తడిపిన చెక్క స్పాచులా మీద ఒకసారి కాల్చి చూస్తాము. ఎర్రచుక్క మధ్యలోనే గుండ్రంగా, అంచు తెగినట్టు గుంట పడాలి. గుంట కోలగా పడినా, ఒక పక్కన మసి ఎక్కువున్నా, పక్కకు జరిగినా కేసు మొదలుపెట్టము. ఆ రోజు గుంట సరిగ్గా పడింది.

శస్త్రచికిత్స

ఆస్పిరిన్ ఆపలేదు. గుండె వైద్యుని సలహా తీసుకుని, మత్తు మందులో కలిసి ఉండే అడ్రినలిన్ మొత్తం 0.04 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకున్నాము. 1:80,000 గాఢత గల 2 శాతం లిగ్నోకైన్‌లో అయితే అది 3.2 మిల్లీలీటర్లు. నాలుక నరానికి బ్లాక్, మడతలో స్థానికంగా ఇంజెక్షన్. మచ్చ కింద చేరిన ఆ ద్రవం పొరను కండరం నుంచి కాస్త పైకి లేపుతుంది, కిరణాన్ని అడుగున తానే పీల్చుకుని లోతైన కణజాలాన్ని కాపాడుతుంది. ఇది నొప్పికే కాక వేడికి కూడా అడ్డుకట్ట.

రోగికి గుబురు మీసాలు ఉన్నాయి, వాటికి అలవాటుగా కొబ్బరినూనె పెట్టుకుని వచ్చారు. లేజర్ తగిలి మంట అంటుకోకుండా నూనెను పూర్తిగా తుడిచేసి, మీసాన్నీ పెదవులనూ తడి గాజ్ (గాయాలకు వాడే పలుచని నూలు) గుడ్డతో కప్పాము. అదే కారణంతో స్పిరిట్ కలిసిన ద్రావణాలేవీ థియేటర్‌లో వాడలేదు. నీటి ఆధారిత పొవిడోన్ అయోడిన్‌తోనే శుభ్రం చేశాము. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం కూడా పెట్టలేదు. కిరణం పొరపాటున పంటి మీద పడితే ఎనామెల్ గుంట పడుతుంది కాబట్టి పళ్ల వరసకూ నాలుకకూ మధ్య తడి గుడ్డను మడిచి పెట్టాము, అది ఆరకుండా సిరంజితో నీళ్లు చిలకరించే పని ఒక నర్సుకు ప్రత్యేకంగా అప్పగించాము. రోగి కళ్ల మీద తడి ప్యాడ్లు, మిగతా అందరికీ ఈ తరంగదైర్ఘ్యానికి తగిన కళ్లద్దాలు. డయోడ్ లేజర్ అద్దాలూ ఈ అద్దాలూ ఒకదానికొకటి పనికిరావు. కాడ మీద అచ్చువేసిన నానోమీటర్ల అంకె చదివాకే పెట్టుకోవాలి. ఫుట్ పెడల్ సర్జన్ కాలి దగ్గర ఒక్కటే ఉండాలి, కాటరీ (విద్యుత్ వేడితో రక్తనాళాలను మూసే సాధనం) పెడల్ దాని పక్కన ఉండకూడదు.

పొగ గురించి మా థియేటర్లలో పట్టింపు తక్కువ. కణజాలం ఆవిరైనప్పుడు వచ్చే పొగలో, పులిపిర్లు కలిగించే హ్యూమన్ పాపిలోమా వైరస్ డీఎన్ఏ ఉన్నట్టు 1988లోనే చూపించారు. మామూలు సర్జికల్ మాస్కు దాన్ని ఆపదు. పొగను లాగే యంత్రం గొట్టాన్ని కోత నుంచి రెండు సెంటీమీటర్లలోపు పట్టుకోవాలి. చేయి అంత దగ్గర పెడితే సర్జన్‌కు అడ్డమని సహాయకులు తరచు వెనక్కి జరుపుతుంటారు. సర్జన్ విసుక్కోకుండా వాళ్లను దగ్గరికి పిలవాలి.

నాలుకను కొస దగ్గర సిల్కు దారంతో పట్టి కుడి పక్కకు లాగి, మచ్చ చుట్టూ అయిదు మిల్లీమీటర్ల దూరంలో కిరణంతో చుక్కలు పెట్టుకున్నాము. తరువాత ఆ చుక్కలను కలుపుతూ కోత మొదలైంది. కణజాలాన్ని ఫోర్‌సెప్స్‌తో ఎప్పుడూ బిగువుగా పట్టి ఉంచాలి. బిగువు ఉంటే కిరణం పడిన చోట అంచులు తమంతట తామే విడిపోతాయి, అదే చోటును రెండోసారి కాల్చాల్సిన అవసరం రాదు. మూడు మిల్లీమీటర్ల లోతున కండరపు నారలు కనిపించాయి; ఆ తలంలోనే ముందు నుంచి వెనక్కి ముక్కను లేపుతూ వెళ్లాము. నల్లని మసి కనిపించినప్పుడల్లా తడి గుడ్డతో తుడిచి ముందుకు సాగాము.

వెనుక కొసన ఒక రక్తనాళం చిమ్మింది. ఈ లేజర్ అర మిల్లీమీటరు లోపు నాళాలను కోస్తూనే మూసేస్తుంది, అంతకన్నా పెద్దవి దాని చేతిలో లేవు. రక్తం నిలిచిన చోట కిరణాన్ని ఎంతసేపు కొట్టినా అది పైన నిలిచిన రక్తాన్ని మరిగించడం తప్ప కింది నాళాన్ని చేరదు. గుడ్డతో ఒత్తి పట్టి, సక్షన్‌తో ఆరబెట్టి, బైపోలార్ కాటరీతో ఆ ఒక్క నాళాన్నీ మూశాము. లేజర్ వాడుతున్నామని కాటరీని, కుట్టు దారాన్ని బల్ల మీద సిద్ధంగా పెట్టుకోకపోవడం తగదు, ఆస్పిరిన్ వేసుకునే రోగిలో అసలే తగదు.

తీసిన ముక్క ముందు వైపున పొడుగు దారం, పై వైపున పొట్టి దారం కట్టి, ముడుచుకుపోకుండా థర్మాకోల్ ముక్క మీద గుండుసూదులతో పరిచి, ఫార్మాలిన్‌లో పెట్టాము. లేజర్‌తో కోసిన ముక్క అని పాథాలజీ ఫారం మీద స్పష్టంగా రాయాలి. వేడికి సాగి, కేంద్రకాలు పొడుగుబడిన కణాలను చూసి డిస్‌ప్లాసియా అని పొరబడే వీలుంది; ముందే తెలిస్తే పాథాలజిస్టు ఆ అంచును వేరుగా లెక్కిస్తారు.

మడతలో పని త్వరగానే ముగిసింది. హ్యాండ్‌పీస్‌ను వెనక్కి జరిపి, చుక్క పక్కన చుక్కగా, మిగిలిన తెలుపు మీదా, చుట్టూ మూడు మిల్లీమీటర్ల మేరా ఒకసారి తిప్పి, తెల్లగా పొట్టులా లేచిన పైపొరను తడి గుడ్డతో తుడిచేశాము. కింద గులాబీ రంగు కనిపించిన చోట ఆగాము, తెలుపు మిగిలిన చోట మాత్రం రెండోసారి తిప్పాము. ముందు నమిలే పళ్ల దగ్గర రెండోసారి వెళ్లలేదు. రెండు పుండ్లకూ కుట్లు వేయలేదు.

పాథాలజీ నివేదిక

ముక్కలో అధికభాగం మధ్యస్థ డిస్‌ప్లాసియాగానే ఉంది. ఎర్రటి చుక్కలున్న వెనుక కొసకు దగ్గరలో, బయాప్సీ తీసిన చోటుకు కొద్ది దూరంలో, ఒక చిన్న భాగంలో తీవ్ర డిస్‌ప్లాసియా కనిపించింది. కణాలు ఎక్కడా అడుగు పొరను దాటి లోపలికి చొరబడలేదు, అంటే క్యాన్సర్‌గా మారలేదు. నాలుగు వైపులా అంచులు, అడుగు శుభ్రం. వేడి వల్ల దెబ్బతిన్న అంచు మిల్లీమీటరులో మూడోవంతుకు మించలేదు, నిర్ధారణకు అడ్డం రాలేదు. ఇదే మచ్చను ఆవిరి చేసి ఉంటే, పైకి పుండు ఇంతే అందంగా మానేది, మా ఫైలులో మధ్యస్థ డిస్‌ప్లాసియా అన్న మాటే నిలిచిపోయేది, ఆ రోగిని తరువాత ఎంత తరచుగా చూడాలన్న లెక్క తప్పేది.

మానడం, తరువాతి పరిశీలన

లేజర్ పుండుకు మొదటి రెండు రోజులు నొప్పి తక్కువ. అది చూసి రోగులు ధీమాగా ఉంటారు. నాలుగో రోజు నుంచి వారం దాకా నొప్పి పెరగడం మామూలే, ఇది ముందుగా చెప్పకపోతే నమ్మకం సడలుతుంది. పారాసిటమాల్ చాలింది, ఆస్పిరిన్ మీద ఉన్న మధుమేహ రోగి కనుక ఐబుప్రోఫెన్ ఇవ్వలేదు. చల్లారిన జొన్న గటక, మజ్జిగ, పెరుగన్నం తినమన్నాము. కారం, పచ్చళ్లు ముట్టొద్దన్నాము. అయిదో రోజున కూతురు ఫోన్ చేసి, "సార్, నాలుక మీద చీము పట్టినట్టున్నది, ఇక్కడి డాక్టరు సూది మందు ఏస్తనంటున్నడు" అన్నారు. ఫొటో పంపించుకుని చూస్తే, పుండును కప్పిన పసుపుపచ్చని ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ప్రోటీను) పొర. అది సహజమైన కట్టు లాంటిది, గీకొద్దు, యాంటీబయాటిక్ అక్కర్లేదని ఆ డాక్టరుతో కూడా ఫోన్‌లో మాట్లాడాము. ఇప్పుడు ప్రతి లేజర్ రోగికీ పంపే కాగితం మీద ఈ పసుపు పొర బొమ్మను అచ్చువేసి, తెలుగులో రెండు వాక్యాలు రాసి ఇస్తున్నాము. దగ్గరలోని డాక్టరుకు కూడా అది చూపించమంటున్నాము.

మడత మూడు వారాల్లో మానింది. నాలుక ఆరు వారాలు తీసుకుంది; బ్లేడు గాయం కన్నా లేజర్ గాయం మీద పొర ఎక్కడం ఆలస్యమే, మధుమేహం దానికి తోడైంది. మానిన చోటు మెత్తగా ఉంది, బిగుసుకోలేదు. మాట తేడా లేదు. కింది పెదవి స్పర్శ మామూలుగా ఉంది.

తంబాకు మానడానికి నికోటిన్ గమ్ కాకుండా చర్మానికి అంటించే ప్యాచ్ ఇచ్చాము, ఎందుకంటే గమ్‌ను నమిలి చెంప పక్కన పెట్టుకోవాలి, పుండు ఉన్నది ఆ పక్కనే. తీవ్ర డిస్‌ప్లాసియా కనిపించింది కాబట్టి మొదటి ఏడాదంతా నెలన్నరకు ఒకసారి చూడాలని నిర్ణయించాము. బస్సు చార్జీ, రోజు ఖర్చు భారమైనప్పుడు మధ్యలో ఒక విడత భూపాలపల్లిలోని దంతవైద్యుడు చూసి ఫొటో పంపేలా ఏర్పాటు చేశాము.

తొమ్మిదో నెలలో వచ్చినప్పుడు నాలుక, ఎడమ మడత రెండూ శుభ్రంగా ఉన్నాయి. కుడి మడతలో మాత్రం సన్నని ముడతల తెలుపు మొదలైంది. ఆయన ఏమీ చెప్పలేదు. "నాయిన సైడు మార్చిండు సార్" అని కూతురు అన్నారు. ఎడమవైపు ఆపరేషన్ అయిందని తంబాకును కుడివైపుకు మార్చారట. కోపగించుకోలేదు. కుడి మచ్చను స్కేలు పెట్టి ఫొటో తీసి, ప్యాచ్ మోతాదు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి, జాతీయ పొగాకు విరమణ హెల్ప్‌లైన్ నంబరు కూతురి ఫోన్‌లో వేయించాము. లేజర్ జోలికి పోలేదు. నాలుగు వారాలకు అది తగ్గకపోతే ముందు బ్లేడుతో బయాప్సీ, దాని నివేదికను బట్టి కోతా, ఆవిరా, లేక చూస్తూ ఉండటమా అన్నది తేలుస్తాము. ఎక్కడైనా కణాలు అడుగు పొర దాటినట్టు తేలితే హైదరాబాద్‌లోని ఎంఎన్‌జె క్యాన్సర్ ఆసుపత్రికి పంపుతామని ఇద్దరికీ చెప్పి, ఆ మాటను కేసు షీటులో రాసి పెట్టాము.